గ్యాస్ బిళ్ళ మీకెవరు వ్రాశారు?

ఉదయపు నడకలో నాతో కలిసి నడిచే విశ్రాంత ఉపాధ్యాయులొకరు ఉన్నారు. వయస్సు 71. నడక ముగిశాక నలుగురైదుగురం కలిసి కాఫీ త్రాగడం మా అలవాటు. ఆయన మాత్రం కాఫీకి ముందు చొక్కా జేబులోనుంచి ఒక గొట్టం బిళ్ళ తీసి మింగుతారు. ఒకనాడు అడిగాను.

"మాస్టారూ, ఏమిటది?"

"గ్యాస్ బిళ్ళేనండీ డాక్టరుగారూ."

"ఎన్నాళ్ళుగా?"

ఆయన వేళ్ళ మీద లెక్క వేసుకున్నారు. మనుమరాలి అన్నప్రాశన నాటికి మోకాలి నొప్పికి ఏవో మందులు వాడుతున్నారట. ఆ చీటీలో ఇదీ ఉన్నది. ఆ మనుమరాలు ఇప్పుడు రెండవ తరగతి చదువుతున్నది. నొప్పి బిళ్ళలు 5 రోజులకే ముగిశాయి. గ్యాస్ బిళ్ళ ఏడేళ్ళుగా సాగుతూనే ఉన్నది. ఎందుకు ఆపలేదని అడిగితే ఆయన నా వంక వింతగా చూసి, "ఎవరూ ఆపమనలేదు కదండీ" అన్నారు.

నేను ఈ వ్యాసంలో నిందించబోయేది ఆయనను కాదు. ఆయన ముప్పై అయిదేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన బుద్ధిమంతుడు, చీటీలో వ్రాసినది తు.చ. తప్పక పాటించే మనిషి. ఆ చీటీ మీద ఎందుకు అన్నదీ, ఎన్నాళ్ళు అన్నదీ వ్రాయని వైద్యుణ్ణి నిందిస్తాను. అంటే నా వృత్తిని, కొంతవరకు నన్నూ నిందించుకుంటాను. చీటీ చూడకుండా ఏడేళ్ళు అమ్మిన మందుల దుకాణాలను నిందిస్తాను. రెండు మందులను ఒకే గొట్టంలో కూరి, వారం రోజుల మందును జీవితకాలపు మందుగా మార్చిన వ్యాపారాన్ని నిందిస్తాను.

ముందుగా 'గ్యాస్' అనే మాట సంగతి చూద్దాం. వైద్యగ్రంథాలలో ఆ పేరుతో వ్యాధి లేదు. తెలుగునాట మాత్రం ఆ వ్యాధి లేని ఇల్లు లేదు. కడుపు ఉబ్బితే గ్యాస్. పుల్లని త్రేన్పు వస్తే గ్యాస్. ఛాతీలో మంట గ్యాస్, వీపున పోటు గ్యాస్, తల తిరిగితే గ్యాస్ తలకెక్కిందంటారు. కూతురు ఫోను చెయ్యకపోతే తల్లికి వచ్చే గుండెదడ కూడ గ్యాసే. పిత్తాశయంలో రాళ్ళు, జఠరంలో పుండు, కాలేయవ్యాధి, మనోవ్యాకులత, గుండెపోటు, ఇవన్నీ ఆ ఒక్క మాట చాటున దాగగలవు. దాగుతున్నాయి కూడ.

ఇక ఆ బిళ్ళ చేసే పని. పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ అనేవి ఒకే కుటుంబపు మందులు. జఠరపు గోడలోని కొన్ని కణాలలో ఆమ్లాన్ని బయటకు తోసే పంపులు ఉంటాయి. ఈ మందులు ఆ పంపులను మూసివేస్తాయి. అంతే. ఇవి గ్యాస్‌ను తగ్గించవు. ప్రేవులలోని వాయువు మనం మ్రింగిన గాలి నుంచీ, సరిగా అరగని పప్పులనూ పాలనూ సూక్ష్మజీవులు పులియబెట్టడం నుంచీ పుడుతుంది. ఆమ్లపు పంపు మూసినంత మాత్రాన ఆ గాలి ఎక్కడికీ పోదు. అంటే తెలుగువారు కోట్ల సంఖ్యలో మింగుతున్న గ్యాస్ బిళ్ళకు గ్యాస్‌తో సంబంధమే లేదు. ఈ ఒక్క విషయం తెలిసినా సగం మంది చేతులోని బిళ్ళను క్రింద పెడతారని నా ఆశ.

ఈ మందులపై నాకు శత్రుత్వం లేదు. అవి లేని రోజులు నేను చూశాను. 1970లలో మేము హౌస్ సర్జన్లుగా ఉన్నప్పుడు శస్త్రచికిత్స వార్డులలో పుండు రోగులు బారులు తీరి ఉండేవారు. పొట్ట కోసి, జఠరానికి పోయే నరాలను కత్తిరించి, జఠరాన్ని ప్రేవుతో కలిపి కుట్టేవారు. పుండు పగిలి, పొట్ట చెక్కలా బిగిసిపోయి, అర్ధరాత్రి బండి మీద వచ్చిన రైతులలో కొందరు తెల్లవారేసరికి మిగిలేవారు కాదు. 1980ల చివర ఒమెప్రజోల్ వచ్చింది. ఆ పుండ్లలో అధికభాగానికి హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి కారణమని ఆస్ట్రేలియా వైద్యులు వారెన్, మార్షల్ చూపారు. వారికి 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆమ్లాన్ని అణచే మందుకు రెండు సూక్ష్మజీవనాశకాలను జోడించి రెండు వారాలు ఇస్తే, కత్తితో కోయవలసిన వ్యాధి బిళ్ళలతో నయమైనది. ఇంతటి మేలు చేసిన మందులు వైద్యంలో తక్కువ. ఇప్పటికీ జఠరపు పుండు, అన్నవాహిక ఒరుసుకుపోవడం, గుండెజబ్బుకై ఆస్పిరిన్ వంటి మందులు వాడుతున్న వృద్ధులలో రక్తస్రావ నివారణ, వీటికి ఆ మందులు కావలసిందే. అటువంటి వారు ఈ వ్యాసం చదివి రేపు ఉదయం బిళ్ళ మానితే నేను పాపం మూటగట్టుకున్నవాడనవుతాను. నా తగవు అవసరం లేనిచోట వాడకంతో.

అవసరం లేనిచోట వాడితే ఏమౌతుంది? ఆమ్లం భగవంతుడు పొరపాటున పెట్టినది కాదు. మనం తిన్న ఆహారంతో వచ్చే సూక్ష్మజీవులను అది చంపుతుంది. ఆహారంలోని బి12 విటమిన్‌ను విడదీస్తుంది, ఇనుము ఒంటపట్టడానికి తోడ్పడుతుంది. ఏళ్ళ తరబడి ఆమ్లాన్ని అణచివేస్తే బి12 తగ్గవచ్చు. శాకాహారులలో, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో అది ముందే తక్కువ. అరికాళ్ళ తిమ్మిరికి, మరపుకు వేరే మందులు వ్రాయించుకుంటూ తిరిగే వారిలో కొందరి మూలకారణం ఈ బిళ్ళలో ఉండవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లో ఎముకలు విరగడం గురించీ, 2011లో రక్తంలో మెగ్నీషియం పడిపోవడం గురించీ, 2012లో ఒక తీవ్రమైన ప్రేవుల ఇన్‌ఫెక్షన్ గురించీ హెచ్చరికలు జారీ చేసింది. న్యాయంగా మరొక మాట కూడ చెప్పాలి. 2019లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో 17 వేలకు పైగా గుండెజబ్బు రోగులను సుమారు మూడేళ్ళు గమనించారు. పాంటోప్రజోల్ తీసుకున్నవారిలో ప్రేవుల ఇన్‌ఫెక్షన్లు మాత్రమే కొంత ఎక్కువగా కనిపించాయి, తక్కిన ఆరోపణలు ఆ గడువులో ఋజువు కాలేదు. కాబట్టి ఈ మందు విషమని నేను అనను. కారణం లేకుండా తీసుకునే మందుకు చిన్న ప్రమాదమైనా దండుగ ప్రమాదమే అంటాను.

అసలు గొడవ గొట్టంలోని రెండవ సగంలో ఉన్నది.

మాస్టారి వద్దనున్న అట్టను తీసుకొని చూశాను. పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములు, డోంపెరిడోన్ 30 మిల్లీగ్రాములు. డోంపెరిడోన్ వాంతులను, వికారాన్ని అణచే మందు. ఆయనకు ఏడేళ్ళలో వాంతి అయినది ఒకేసారి, అదీ ఒక పెళ్ళి భోజనం తరువాత. ఈ మందు కొందరిలో, ముఖ్యంగా 60 ఏళ్ళు దాటినవారిలో, గుండె లయను తప్పించి ప్రాణాపాయం కలిగించవచ్చునని తేలాక యూరపు ఔషధ సంస్థ 2014లో కట్టుదిట్టమైన పరిమితులు విధించింది. వాంతులకు, వికారానికి మాత్రమే వాడాలి. పెద్దలకు రోజుకు 30 మిల్లీగ్రాములు మించరాదు. సాధారణంగా వారం రోజులు దాటరాదు. కడుపుబ్బరానికి, ఛాతీమంటకు అసలు వాడరాదు. అమెరికాలో ఈ మందుకు ఆమోదమే లేదు. అక్కడి వైద్యులు వారం రోజులకు జంకే మందును మన మాస్టారు కాఫీకి ముందు ఏడేళ్ళు మింగారు. పైపెచ్చు గత వర్షాకాలంలో తామరకు ఆయన ఫ్లూకొనజోల్ కూడ వాడారట. ఆ రెండూ కలవకూడదు. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ వంటి సూక్ష్మజీవనాశకాలతో కూడ డోంపెరిడోన్ కలవకూడదు. ఆయనకేమీ కాలేదు. అదృష్టమనేది వైద్యవిధానం కాదు.

ఆమ్లానికి ఒక మందు, వాంతికి ఒక మందు విడివిడిగా ఉంటే వైద్యుడు ఒక్క క్షణమైనా ఆలోచిస్తాడు, రోగికి వాంతులున్నాయా అని. రెంటినీ కలిపి ఒక పేరు పెట్టగానే ఆ ఆలోచన అంతరించింది. పేరు చివర ఒక అక్షరం తగిలించి ఉంటుంది, అదే రెండవ మందుకు గుర్తు. వ్రాసేవారికి ఆ అక్షరం చేతివాటం. మింగేవారికి దాని అర్థం తెలియదు.

ఇంకొక జోడింపు ఉన్నది, లెవోసల్పిరైడ్. అది ఇంకా విచిత్రం. సల్పిరైడ్ అనేది మతిభ్రమణానికి వాడే మందుల కుటుంబానికి చెందినది. మెదడులో డోపమిన్ పనిని అడ్డుకుంటుంది. దానిని ఆమ్లం మందుతో కలిపి కడుపుబ్బరానికి విచ్చలవిడిగా వ్రాస్తున్నారు. పదవీ విరమణ తరువాత నేను కొన్నాళ్ళు ఒక ఉచిత వైద్యశిబిరంలో కూర్చునేవాడిని. 66 ఏళ్ళ ఒక తల్లి వచ్చింది. చేతులు వణుకు, ముఖంలో కదలిక లేదు, అడుగు తీసి అడుగు వెయ్యలేదు. కొడుకు ఫైలు తెరిచాడు. ఏడాదిగా పార్కిన్సన్ వ్యాధికి మందులు వాడుతున్నారు. ఆ మందులకు వికారం వస్తున్నదని మరొకటి వ్రాశారు, నిద్ర లేదని ఇంకొకటి. నేను పాత చీటీలు తిరగేశాను. వణుకు మొదలవడానికి అయిదు నెలల ముందు నుంచి ఆమె లెవోసల్పిరైడ్ కలిసిన గొట్టాలు వాడుతున్నది. ఆనాటి వరకూ ఆగలేదు. ఆ ఒక్కటీ మాన్పించి, తక్కిన వాటి గురించి నరాల వైద్యుని వద్దకు పంపాను. మూడు నెలలకు ఆమె తానే నడిచి వచ్చింది, చీర కుచ్చిళ్ళు తానే పెట్టుకున్నానని చెప్పింది. అందరికీ ఇలా కోలుకోవడం జరుగదు. కొందరిలో ఆ వణుకు, నోటి కదలికలు మందు మానినా మిగిలిపోతాయి. యువతులలో ఇదే మందు నెలసరి ఆపవచ్చు, బిడ్డ లేకుండానే పాలు పడేటట్లు చెయ్యవచ్చు. పెళ్ళికాని పిల్లకు పాలు వస్తే ఆ ఇంట్లో జరిగే గోల ఊహించండి. తల్లి మొదట అడగవలసిన ప్రశ్న, "గ్యాస్ బిళ్ళ ఏమైనా వాడుతున్నావా?"

వాంతుల మందులు మెదడును తాకగలవన్న సంగతి నాకు పుస్తకం కంటె ముందు ఒక పల్లె నేర్పింది. 1981లో గోదావరి జిల్లా మెట్టప్రాంతంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉన్నాను. ఒక సాయంత్రం 15 ఏళ్ళ పిల్లను మంచం మీద మోసుకొచ్చారు. మెడ ఒక ప్రక్కకు మెలి తిరిగి ఉన్నది. కనుగ్రుడ్లు పైకి నిలిచిపోయాయి. నాలుక బయటకు వస్తున్నది, మాట లేదు. నుదుట విబూది, చేతికి వేపమండ. "గాలి సోకిందండీ బాబూ, చింతచెట్టు క్రింద నిలబడింది" అన్నాడు తండ్రి. మధ్యాహ్నం నుంచి భూతవైద్యుడు పేకబెత్తంతో కొడుతున్నాడట, వీపు మీద వాతలు తేలి ఉన్నాయి. ముందురోజు వాంతులైతే ఊళ్ళో ఇంజెక్షన్లు చేసే అతను రెండుసార్లు సూది వేశాడని నాయనమ్మ చెప్పింది. అది మెటోక్లోప్రమైడ్. యువతలో, పిల్లలలో ఆ మందు కండరాలను ఇలా బిగదీయగలదు. ప్రోమెథజిన్ ఇంజెక్షన్ ఇచ్చాను. అరగంటలో మెడ తిన్నగా అయి, ఆ పిల్ల మంచినీళ్ళు అడిగింది. ఊరివారు నన్ను మంత్రగాడిని మించినవాడన్నారు. ఆ పొగడ్త నాకు రుచించలేదు, ఆ పిల్ల వీపు నా కళ్ళ ముందే ఉన్నది.

మెటోక్లోప్రమైడ్‌ను ఏకబిగిన 12 వారాలకు మించి వాడవద్దని అమెరికా 2009లో మందు కాగితంపై నల్లగీతల పెట్టెలో హెచ్చరిక వేయించింది. యూరపులో 2013లో ఆ గడువును 5 రోజులకు కుదించారు. మన దుకాణాలలో ఆ బిళ్ళలు ఇప్పటికీ నోటిమాటకు దొరుకుతాయి.

"ఇన్నేళ్ళుగా ఇంతమంది వాడుతున్నారు, ఏమైందండీ?" అని అడిగేవారుంటారు. ఈ ప్రశ్నను నేను విద్యార్థిగా ఉన్నప్పుడూ విన్నాను. అప్పుడు విరేచనాలకు ఎంటరోవయోఫాం బిళ్ళలు ప్రతి ఇంటి గూట్లోనూ ఉండేవి. తీర్థయాత్రకు పోయేవారు తువ్వాలుతోపాటు వాటినీ మూట కట్టుకునేవారు. జపానులో ఆ మందులోని క్లియోక్వినాల్ వలన పదివేల మందికి పైగా కాళ్ళు చచ్చుబడటం, చూపు పోవడం జరిగింది. 1970లో ఆ ప్రభుత్వం దానిని నిషేధించింది. మన ఊళ్ళలో ఆ తరువాత కూడ చాలా ఏళ్ళు అమ్మారు. ఇక సిసాప్రైడ్. అదీ ఛాతీమంటకు, కడుపుబ్బరానికే. గుండె లయ తప్పి మరణాలు సంభవించడంతో అమెరికాలో 2000లో విపణి నుంచి తొలగించారు. మన దేశంలో నిషేధం 2011లో వచ్చింది. మధ్యలోని 11 ఏళ్ళలో మనవారెందరు అర్ధాంతరంగా పడిపోయారో, వారిలో ఎందరి ఇంట ఆ బిళ్ళ ఉన్నదో ఎవరూ లెక్క కట్టలేదు. లెక్కించని మరణాన్ని 'ఏమీ కాలేదు' అంటున్నాము.

ఇంకొక సమాధానం కూడ వింటాను. "మానితే మంట వస్తున్నదండీ, అంటే నాకు జబ్బు ఉన్నట్లే కదా?" ఇది తెలివైన ప్రశ్న, కాని సమాధానం మరొకటి. 2009లో డెన్మార్కు పరిశోధకులు కడుపులో ఏ బాధా లేని 120 మందిని తీసుకున్నారు. సగం మందికి ఎసోమెప్రజోల్ 8 వారాలు ఇచ్చి, తరువాత ఆపి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చారు. తక్కిన సగానికి మొదటి నుంచీ ఉత్తుత్తి బిళ్ళే. మందు ఆపిన తరువాతి వారాలలో మొదటి జట్టులో నూటికి 44 మందికి ఛాతీమంట, పుల్లని త్రేన్పులు వంటి బాధలు వచ్చాయి. రెండవ జట్టులో నూటికి 15 మందికి. వీరంతా ఆరోగ్యవంతులని మరువకండి. చాలాకాలం అణచిన పంపులు మందు తీయగానే అతిగా పనిచేస్తాయి. ఆ మంట కొన్ని వారాలలో సర్దుకుంటుంది. దానిని చూసి భయపడి మళ్ళీ బిళ్ళ మింగేవాడు, మందు పుట్టించిన జబ్బుకు మందు వాడుతున్నవాడు.

మరి ఇంత మంది వైద్యులు ఎందుకు వ్రాస్తున్నారు? నేనెందుకు వ్రాశానో చెబుతాను. ఓ.పి.లో ఉదయం 150 మంది ఉండేవారు. జ్వరమైనా, దగ్గైనా, సెగగడ్డైనా, నొప్పి బిళ్ళ, సూక్ష్మజీవనాశకం, బి కాంప్లెక్సు, వాటి ప్రక్కన ఆమ్లానికి ఒకటి. చెయ్యి దానంతటదే వ్రాసేది. మందులు వేడి చేస్తాయని రోగి అంటాడు, ఆ మాట అనకముందే మనం ఒక బిళ్ళ వ్రాసి నోరు మూయిస్తాము. ఆమ్లం వలన ఎవరూ చావరు, మందు వలన ఎవరూ చావరు, రోగి తృప్తిగా పోతాడు అని మా లెక్క. నిజానికి 30 ఏళ్ళ ఆరోగ్యవంతుడు జ్వరానికి 3 రోజులు పారాసిటమాల్ వేసుకుంటే దానికి తోడు ఏ గ్యాస్ బిళ్ళా అక్కర లేదు. సూక్ష్మజీవనాశకంతో వచ్చే విరేచనాలకు, వికారానికి ఆమ్లంతో పనిలేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ వ్రాశాను.

అంతకంటె పెద్ద తప్పు ఒకటి ఉన్నది, దానిని దాచడం ఇక తగదు. 1986లో తాలూకా ఆసుపత్రిలో రాత్రి పని. 48 ఏళ్ళ ధాన్యం వర్తకుడు వచ్చాడు. రొమ్ము మధ్య బరువు, వికారం, చెమట. "గ్యాసండీ, రాత్రి పులిహోర ఎక్కువ తిన్నాను" అని తానే రోగం చెప్పాడు. ఈసీజీ యంత్రం ఉన్నది, దానిలో వేసే కాగితం నెల నుంచి లేదు. ఆమ్లానికి తెల్లమందు త్రాగించి, వాంతికి సూది వేయించాను. పెద్ద త్రేన్పు వచ్చింది. హాయిగా ఉన్నదన్నాడు, నవ్వుతూ రిక్షా ఎక్కాడు. తెల్లవారకముందే పోయాడు. గుండె క్రిందిభాగానికి రక్తం అందనప్పుడు వికారం, వాంతి, త్రేన్పులు రావడం సహజమని నాకు పాఠం చెప్పారు. నేను పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ రాత్రి మాత్రం రోగి నోట వచ్చిన 'గ్యాస్' నా నోటికీ సరిపోయింది. ఆయన భార్య తరువాత కూడ నన్ను కనిపించినచోటల్లా "బాబుగారూ" అని నమస్కరించేది.

కనుక 40 దాటినవారికి, మధుమేహం, రక్తపుపోటు, పొగత్రాగే అలవాటు ఉన్నవారికి, రొమ్ములో బరువుతోపాటు చెమట, వికారం, ఎడమచేతికో దవడకో ప్రాకే నొప్పి వస్తే, గ్యాస్ బిళ్ళ వేసి చూడడానికి మీకు సమయం లేదు. స్త్రీలలో, మధుమేహ రోగులలో నొప్పి లేకుండా ఆయాసం, వాంతి మాత్రమే ఉండవచ్చు. వెంటనే ఈసీజీ తీయించండి. 108కి ఫోను చేయండి. త్రేన్పు వచ్చి హాయి అనిపించడం గుండె బాగున్నదనడానికి సాక్ష్యం కాదు. అలాగే ముద్ద దిగకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, తారులా నల్లని మలం, రక్తపు వాంతి, రక్తహీనత, 50 దాటాక కొత్తగా మొదలైన అజీర్తి, వీటికి బిళ్ళలతో కాలక్షేపం చేస్తే జఠరపు క్యాన్సర్ కూడ కొన్నాళ్ళు నెమ్మదించినట్లు నటిస్తుంది. ఎండోస్కోపీ కావాలి.

చిన్నపిల్లల వాంతులు, విరేచనాల గురించి వేరే వ్యాసమే వ్రాయాలి. ఇక్కడ ఒక్క మాట. 1971 బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ సెలైను చాలక ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ముల కొద్దీ త్రాగించారు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు 4కు లోపు పడిపోయాయి. పిల్లవాడికి ఓ.ఆర్.ఎస్. చెంచా చెంచాగా పట్టండి, జింకు 14 రోజులు ఇవ్వండి. వాంతి ఆగక ఓ.ఆర్.ఎస్. నిలవకపోతే బరువును బట్టి ఒక్క మోతాదు ఒండాన్‌సెట్రాన్ వైద్యుడు ఇస్తాడు, అది మేలు చేస్తుంది. ఆ సీసాను దాచిపెట్టి తరువాత వాంతి అయినప్పుడల్లా మీరే పట్టకండి. ఆకుపచ్చని వాంతి, ఉబ్బిన పొట్ట ప్రేవు మెలిపడిన గుర్తు కావచ్చు. ఆ సమయంలో వాంతిని అణచడమంటే నిప్పంటుకున్న ఇంట్లో గంట తీసివేయడం. విరేచనాలను బిగించే లోపెరమైడ్ చిన్నపిల్లలకు ససేమిరా వద్దు. గర్భిణులకు వేవిళ్ళకు డాక్సిలమిన్, బి6 కలిసిన బిళ్ళ చాలాకాలంగా పరీక్షకు నిలిచినది. అదైనా వైద్యురాలి చీటీ మీదనే. థాలిడోమైడ్‌ను వేవిళ్ళకు నిరపాయమని చెప్పే అమ్మారని, పదివేల మందికి పైగా పిల్లలు వికలాంగులై పుట్టారని నా తరం వైద్యులు మరువలేరు.

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. చీటీ మీద ప్రతి గ్యాస్ బిళ్ళకు ప్రక్కన రెండు మాటలు ఉండాలి, ఎందుకు, ఎన్నాళ్ళు. యువవైద్యులారా, దీనికి మీకు పట్టే కాలం అయిదు సెకండ్లు. వాంతుల మందును ఆమ్లపు మందుతో కలిపిన గొట్టాలను ప్రభుత్వం విడదీయించాలి, కావలసినవారు రెండు బిళ్ళలు మింగుతారు. అట్ట వెనుక 'వైద్యుని చీటీపై మాత్రమే అమ్మవలెను' అని ముద్రించి, దానిని బఠాణీల్లా అమ్మడం చూస్తూ ఊరుకునే అధికారులు ఆ ముద్రణ ఖర్చైనా ఆదా చెయ్యాలి.

చదువరులలో ఈ బిళ్ళలు వాడుతున్నవారు నేడే అట్ట తీసి వెనుక పేర్లు చదవండి. అక్షరాలు చిన్నవైతే పిల్లలచేత చదివించండి. డోంపెరిడోన్, లెవోసల్పిరైడ్, మెటోక్లోప్రమైడ్ అని ఉంటే మీ వైద్యుని దగ్గరకు అట్టతో వెళ్ళి, "ఇది నాకు ఎందుకు, ఎంతవరకు?" అని అడగండి. కోపం వస్తే వేరొకరిని అడగండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, రక్తం పలుచబరిచే మందులు, కీళ్ళవాతపు మందులు వాడేవారు, గతంలో పుండుకు రక్తం పడినవారు తమంతట తాము ఏదీ ఆపరాదు. బిళ్ళ అవసరమైనవారు దానిని ఉదయపు ఫలహారానికి అరగంట ముందు వేసుకోవాలి. పంపులు ఆహారంతో మేల్కొన్నప్పుడే మందు వాటిని పట్టుకోగలదు, తిన్నాక వేసుకుంటే సగం వృథా.

మాస్టారి సంగతి చెప్పాలి. ఆయన గుండె మందులేవీ వాడటం లేదు, పుండు ఎన్నడూ లేదు. ఈసీజీ తీయించాను, బాగున్నది. బి12 తక్కువగా వచ్చింది, దానికి చికిత్స మొదలైనది. జోడింపు గొట్టం ఆ రోజే మాన్పించి, ఉత్త పాంటోప్రజోల్ సగం మోతాదు రెండు వారాలు, తరువాత రోజు విడిచి రోజు, ఆ తరువాత శూన్యం. మూడవ వారంలో మంట వచ్చి రాత్రి పదింటికి ఫోను చేశారు. ముందే చెప్పాను కదా అన్నాను. రాత్రి భోజనం ఏడింటికి జరిపించి, మంచం తలవైపు కోళ్ళ క్రింద రెండు ఇటుకలు పెట్టించాను. పడుకునే ముందు ఆవకాయతో పెరుగన్నం మానమంటే మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మూడు నెలలు దాటింది, బిళ్ళ లేదు, మంట లేదు. మొన్న మందుల దుకాణం ముందు నుంచి వెళ్తూంటే లోపలి కుర్రవాడు పిలిచాడట, "మాస్టారూ, గ్యాస్ బిళ్ళ ఈ నెలా తీసుకెళ్ళలేదేమండీ, ఆరోగ్యం బాగానే ఉందా?"